ఏడాది పొడుగునా బైకు మీదే ఆఫీసుకు: నీరు చొరని జాకెట్టా, పైన తొడుక్కునే రెయిన్ సూటా?

ఉప్పల్‌వాసి

మిత్రులకు నమస్కారం. నేను ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ 150 సీసీ బైకు మీద వెళ్ళి వస్తాను. తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట మీదుగా ఒక్కో వైపు దాదాపు 30 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటే గంటంబావు, వాన పడితే రెండు గంటలు దాటుతుంది. మెట్రోలో వెళ్ళవచ్చు కదా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను: రాయదుర్గంలో దిగాక మా ఆఫీసు ఇంకా చాలా దూరం, పైగా నా షిఫ్టు ముగిసేసరికి మెట్రో ఆగిపోతుంది. కాబట్టి ఎండైనా వానైనా నాకు బైకే గతి.

ఈ ఆరేళ్ళలో వాన కోసం రెండు రకాల దుస్తులు వాడి చూశాను. మొదటిది కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న పీవీసీ రెయిన్‌కోటు. ఆగస్టు దాటకముందే దాని తొడల మధ్య కుట్టు విడిపోయింది. విడిపోకముందు కూడా అందులో పొడిగా ఉన్నానని చెప్పలేను, ఎందుకంటే పైనుంచి నీరు రాకపోయినా లోపలి చెమటకే చొక్కా వీపుకు అతుక్కునేది. రెండోది మోచేతులకు, భుజాలకు, వీపుకు ప్యాడ్లు ఉన్న బట్ట జాకెట్టు. వాన వచ్చినప్పుడు లోపల జిప్పుతో తగిలించుకునేలా దానికి ఒక పల్చటి వాన పొర ఇచ్చారు. దుకాణంలో చూసినప్పుడు ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉండదనిపించింది.

గత జులైలో ఒక సాయంత్రం బేగంపేట దగ్గర చినుకులు మొదలయ్యాయి. ఆ పొర తగిలించుకోవాలంటే ముందు జాకెట్టు విప్పాలి. నేను మెట్రో స్టేషన్ కింద బండి ఆపి, జాకెట్టు విప్పి, పొరను తగిలించి, రెండు చేతుల చివర్లలో ఉన్న బొత్తాలను వెతికి పెట్టుకునేసరికి చొక్కా సగం తడిసింది. ఇంటికి చేరాక చూస్తే నిజంగానే ఛాతీకి నీరు తగలలేదు. కానీ పైబట్ట మాత్రం నానబెట్టిన బొంతలా నీరు పీల్చుకుని మోయలేనంత బరువెక్కింది. బాత్‌రూములో కొక్కేనికి తగిలిస్తే రాత్రంతా బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. మర్నాడు పొద్దున అదే తడి జాకెట్టులో బయలుదేరాను. మూడో రోజుకు వచ్చిన ముక్క వాసనకు లిఫ్టులో పక్కనున్నవారు దూరం జరగడం గమనించాను.

ఇప్పుడు 30,000 రూపాయలకు పైగా పెట్టి, నీటిని ఆపే పొరను పైబట్టకే అతికించిన విదేశీ జాకెట్టు కొనాలని ఆలోచిస్తున్నాను. వర్షాకాలం, చలికాలం, ఎండాకాలం అన్నిటికీ అదొక్కటే సరిపోతుందని, నీరు లోపలికి రాదని, చెమట మాత్రం బయటికి పోతుందని అమ్మేవారు చెబుతున్నారు. అంత డబ్బు పెట్టే ముందు, రోజూ ఆఫీసుకు వెళ్ళే పనికి ఇలాంటివి వాడినవారి అనుభవం తెలుసుకోవాలని రాస్తున్నాను. ప్యాంటు, బూట్లు, గ్లవుజుల సంగతి కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

కుట్టుమిషను

ఉప్పల్‌వాసి గారూ, మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. పన్నెండేళ్ళుగా ఎగుమతి దుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే విభాగంలో ఉన్నాను. బండి మీద రోజూ తిరిగేవాడినే కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందుగా ఒక తేడా స్పష్టం చేసుకుందాం. మీరు వాడిన జాకెట్టులో నీటిని ఆపే పొర లోపల ఉంది కాబట్టి, దాని పైనున్న ప్యాడ్లు, స్పాంజీ, దట్టమైన పైబట్ట అన్నీ నీరు పీల్చుకున్నాయి. అది ఆ జాకెట్టు చెడిపోవడం వల్ల జరిగింది కాదు, దాని నిర్మాణమే అంత. మీరు కొనాలనుకుంటున్న రకంలో ఆ పొరను పైబట్ట వెనకవైపునే అతికిస్తారు. దానివల్ల బట్ట నీరు తాగదు, బరువెక్కదు, విదిలిస్తే చాలావరకు ఆరిపోతుంది. ఇంతవరకు అమ్మేవారు చెప్పినది నిజమే.

ఇక చెమట బయటికి పోవడం సంగతి. ఈ పొరల్లో పేరుమోసినది గోర్‌టెక్స్. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన వేడిచేసిన పీటీఎఫ్ఈ కడ్డీని, అంటే టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను, మెల్లగా కాకుండా ఒక్కసారిగా గుంజి లాగినప్పుడు అది తెగకుండా ఎన్నో రెట్లు సాగి, కంటికి కనిపించని రంధ్రాలతో నిండిపోయింది. ఆ రంధ్రాల్లో నీటిబొట్టు పట్టదు, నీటి ఆవిరి పడుతుంది. అయితే ఆవిరి తనంతట తాను బయటికి నడిచిపోదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే కదులుతుంది. కథంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త లెక్క వేసి చూపిస్తాను.

చెమట పట్టిన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటే అక్కడి ఆవిరి ఒత్తిడి సుమారు 56 మిల్లీబార్లు. జులైలో హైదరాబాదులో వాన పడుతున్నప్పుడు గాలి 26 డిగ్రీలు, తేమ 95 శాతం అనుకుంటే బయటి ఒత్తిడి దాదాపు 32. తేడా 24. అదే జాకెట్టును 8 డిగ్రీల చలిలో, 90 శాతం తేమలో వేసుకుంటే బయటి ఒత్తిడి 10 మిల్లీబార్లకు మించదు కాబట్టి తేడా 46 వస్తుంది. అంటే చెమటను బయటికి తోసే బలం మన దగ్గర అక్కడి దానిలో సగమే. మన ఒంటికి పట్టే చెమట మాత్రం అక్కడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ జాకెట్టు మోసం కాదు, కానీ దాన్ని చల్లటి దేశాలను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర గాలి ఆడనప్పుడు జిప్పులన్నీ తెరిచినా అందులో మీరు ఉడికిపోతారు.

పైబట్ట మీద నీరు నిలవకుండా ఒక రసాయనం పూస్తారు. కొత్తలో నీటిబొట్లు తామరాకు మీద జారినట్టు జారిపోతాయి. దుమ్ము, పొగ, చెమట, సబ్బు ఆ పూతను తినేస్తాయి. అప్పుడు పైబట్ట తడిసి ముదురు రంగులోకి మారుతుంది. లోపలి పొర ఇంకా నీటిని ఆపుతూనే ఉన్నా, పైన నీటిపొర అడ్డుపడటంతో ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. లోపల చేరిన చెమటను చూసి జాకెట్టు కారుతోందని చాలామంది పొరబడతారు. మన ఊళ్ళ దుమ్ములో రోజూ తిరిగితే ఈ పరిస్థితి కొద్ది నెలల్లోనే వస్తుంది.

అందుచేత నా సలహా ఇది. ఏడాది పొడుగునా వేసుకోవడానికి గాలి ధారాళంగా ఆడే మెష్ జాకెట్టు తీసుకోండి. దాని లేబులు మీద ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092, ప్యాడ్ల మీద ఈఎన్ 1621 ముద్రలు ఉన్నాయో లేదో చూడండి. కింద పడినప్పుడు కాపాడేది అదే. వాన కోసం దాని పైనుంచి తొడుక్కునే పల్చటి రెండు ముక్కల రెయిన్ సూట్ విడిగా కొనండి. జాకెట్టు విప్పనక్కరలేదు, పైబట్ట తడవదు, ఆఫీసుకు చేరాక సూట్‌ను దులిపి బండికి తగిలిస్తే చాలు. రైనాక్స్ వంటి మన దేశపు కంపెనీలు ఇలాంటివి అమ్ముతున్నాయి. 2,500 నుంచి 5,000 రూపాయల మధ్య మంచిదే దొరుకుతుంది.

కొనేటప్పుడు దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూడండి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది కాబట్టి, ప్రతి కుట్టు మీదా వేలెడు వెడల్పున ఒక టేపును వేడితో అతికించాలి. దుకాణదారు చెప్పే 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అనే అంకెలు బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెబుతాయే తప్ప కుట్ల గురించి ఏమీ చెప్పవు. ముఖ్యంగా తొడల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట గోటితో టేపు అంచును గీరి చూడండి. అక్కడ పైకి లేస్తే ఆ సూట్‌ను అక్కడే వదిలేసి రండి. నేను ఫ్యాక్టరీలో వెనక్కి పంపిన వాటిలో ఎక్కువ భాగం ఆ ఒక్క చోటి లోపం వల్లనే.

జడివాన

కుట్టుమిషను గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. అయితే స్కూటరు నడిపే ఆడవాళ్ళ ఇబ్బంది వేరుగా ఉంటుంది కాబట్టి రెండు మాటలు. నేను కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు ఎనిమిదేళ్ళుగా స్కూటరు మీదే వెళుతున్నాను.

ముందుగా, గొడుగులా పైనుంచి కప్పుకునే పాంచో జోలికి ఎవరూ పోవద్దు. చవక, చిటికెలో వేసుకోవచ్చు, చుడీదారు మీద సులువు అని నేను కూడా ఒక సీజను వాడాను. గాలికి దాని అంచు లేచి ముఖానికి కొట్టడం ఒక ఎత్తు, వెనక చక్రం వైపు లాక్కుపోవడం ఇంకో ఎత్తు. చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదాల గురించి మనందరికీ తెలుసు. పాంచో కూడా అలాంటిదే. వాన రోజున నేను చున్నీని తీసి మడిచి డిక్కీలో పెట్టాకే బండి స్టార్ట్ చేస్తాను.

ఆడవాళ్ళ కొలతలకు కుట్టిన రెయిన్ ప్యాంట్లు దొరకడం అరుదు. మగవాళ్ళ సైజులో నడుము సరిపోయేది తీసుకుంటే తుంటి దగ్గర బిగుసుకుంటుంది, కూర్చోగానే కుట్టు మీద లాగుడు పడి అక్కడే మొదట చిరుగుతుంది. అందుకే రెండు సైజులు పెద్దది తీసుకుని నడుము దగ్గర ఎలాస్టిక్ బిగించుకోవడం మేలని అనుభవం మీద తెలుసుకున్నాను. దుకాణంలో నిలబడి కాకుండా స్టూలు మీద బండి మీద కూర్చున్నట్టు కూర్చుని చూడండి. నిలబడితే మడమ దాకా వచ్చే ప్యాంటు కూర్చోగానే పిక్కల దాకా లేస్తుంది.

బూట్లు విప్పకుండా ప్యాంటు తొడుక్కోవడానికి కాలి పక్కన పొడుగాటి జిప్పు ఉన్నవి అమ్ముతారు. ఆ జిప్పు వెంటే నీరు కూడా లోపలికి వస్తుంది. దానికంటే నా చిట్కా తేలిక: హ్యాండ్‌బ్యాగులో రెండు పాలిథిన్ కవర్లు ఉంచుకోండి. చెప్పు లేదా బూటు మీద కవరు తొడిగి కాలు దూరిస్తే ప్యాంటు సర్రున జారిపోతుంది, లోపలి అస్తరుకు బురద అంటదు. రెండు నిమిషాల్లో వేసుకుంటాను.

ఇంకొకటి, ఎప్పుడు వేసుకోవాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. అందరూ చినుకులు పడ్డాకే ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్టేషన్ల కింద ఆగుతారు. ఒకరి వెనక ఒకరు చేరి రోడ్డు మూడు వంతులు మూసేస్తారు, ట్రాఫిక్ ఆగిపోతుంది, మనం ఆ గుంపులో తడుస్తాం. బయలుదేరే ముందు వాతావరణ శాఖ రాడార్ చిత్రం ఒకసారి చూసి, పశ్చిమాన మబ్బు కమ్మి ఉంటే పార్కింగ్‌లోనే వేసుకుని బయలుదేరడం నా అలవాటు. వాన రాకపోతే కాస్త చెమట పడుతుంది, అంతే కదా.

ఉప్పల్‌వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆవిరి ఒత్తిడి లెక్క చూశాక ఆ విదేశీ జాకెట్టు మీద మోజు సగం తగ్గింది. అయితే మరో రెండు సందేహాలు. మా తమ్ముడి రెయిన్ ప్యాంటు ఒకసారి కుడికాలి వైపు సైలెన్సరుకు తగిలి కరిగి అతుక్కుపోయింది. ఆ నల్లటి మచ్చ ఇప్పటికీ బండి మీద ఉంది. పల్చటి సూట్‌తో ఈ బాధ తప్పదా? రెండోది, ఆఫీసులో తోలు బూట్లు తప్పనిసరి. వాటిని ఎలా కాపాడుకోవాలి? ఇంకో మాట: మన దేశం బయట చలి ప్రాంతంలో ఆ అతికించిన పొర జాకెట్టును రోజూ వాడేవారు ఎవరైనా ఉంటే వారి అనుభవం కూడా వినాలని ఉంది.

మంచుతెర

నేను పదేళ్ళుగా ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఉంటున్నాను, సొంత ఊరు ఖమ్మం. ఆసుపత్రిలో ఉద్యోగం. తెల్లవారుజామున బస్సు దొరకదు కాబట్టి 18 కిలోమీటర్లు బైకు మీదే వెళతాను. మీరు కొనాలనుకుంటున్న రకం జాకెట్టు, ప్యాంటు నాకు ఐదేళ్ళుగా రోజువారీ దుస్తులు. కుట్టుమిషను గారి లెక్కలో 46 అన్న అంకె ఉంది చూశారూ, ఆ అంకె ఉన్న ఊరు నాది.

విచిత్రమేమిటంటే హైదరాబాదులోనూ, మాంచెస్టర్‌లోనూ ఏడాదికి పడే వాన కొంచెం అటూ ఇటూగా ఒక్కటే, 800 మిల్లీమీటర్ల పైచిలుకు. కానీ హైదరాబాదులో అది ఓ యాభై రోజుల్లో కుండపోతగా పడి ఊరుకుంటుంది. ఇక్కడ దాదాపు నూట యాభై రోజులకు పరుచుకుని, ముసురుగా, తుంపరగా, పొద్దస్తమానం పడుతూనే ఉంటుంది. హైదరాబాదులో ఉండగా గంటసేపు ఏ షెడ్డు కిందో ఆగితే వాన వెలిసేది. ఇక్కడ ఆగితే సాయంత్రం దాకా ఆగాలి. అందుకే ఇక్కడ వాన దుస్తులను వేసుకుంటూ విప్పుకుంటూ ఉండటం కుదరదు, పొద్దున వేసుకున్నది వాన దుస్తే అయి ఉండాలి. ఆ జాకెట్టుకు అంత ధర పెట్టడానికి నాకున్న కారణం అదొక్కటే. హైదరాబాదులో ఆ కారణం లేదు.

అంత ఖరీదు పెట్టినా రోజులు గడిచేకొద్దీ అది తనంతట తాను బాగుండదు. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు, రోడ్డు మసి కలిసి జిప్పుల పళ్ళలో చేరతాయి. రెండు మూడు నెలలకోసారి ప్యాడ్లన్నీ తీసి, మామూలు సర్ఫు కాకుండా నిక్‌వాక్స్ వంటి ప్రత్యేకమైన ద్రవంతో ఉతికి, లేబులు ఒప్పుకుంటే తక్కువ వేడిలో డ్రయ్యరులో ఆరబెడతాను. వేడి తగిలితే ఆ తామరాకు గుణం కొంత తిరిగి వస్తుంది. ఇంట్లో డ్రయ్యరు లేనివారు పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేసినా పనిచేస్తుంది. మొదటి రెండేళ్ళు నాకీ సంగతి తెలియక మామూలు సబ్బుపొడితో, మెత్తదనం కోసం కలిపే ద్రవంతో ఉతికి, జాకెట్టు పాడైందని దుకాణానికి వెళ్ళి గొడవపడ్డాను. కౌంటరు దగ్గరున్న పెద్దాయన జాకెట్టు అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇందులో మీరు పూలవాసన ద్రవం వేశారు కదా" అన్నాడు. తలవంచుకుని ఇంటికి వచ్చాను.

గ్లవుజుల గురించి ఒక మాట. నిటారుగా కూర్చుని నడిపే బండి మీద గ్లవుజు అంచును జాకెట్టు చేతి లోపలికి దూర్చాలి. పైకి ఉంచితే చేయి వెంట జారిన నీరంతా గరాటులో పోసినట్టు వేళ్ళ దగ్గరికి చేరుతుంది. నీరు చొరని గ్లవుజు ఒకసారి లోపల తడిస్తే రెండు రోజులకు గానీ ఆరదు, చేయి లాగినప్పుడు అస్తరు కూడా వెంట ఊడివస్తుంది. హైదరాబాదు వానకు మామూలు మెష్ గ్లవుజులే మంచివని నా అభిప్రాయం. తడిసినా వెచ్చటి వానే, అరగంటలో ఆరిపోతాయి.

ఉక్కునగరం

విశాఖపట్నంలో కూర్మన్నపాలెం వైపు ఉంటాను, షిఫ్టు ఉద్యోగం. మా దగ్గర ఒక్క నైరుతి వానలతో పోదు, అక్టోబరు, నవంబరులో కూడా వాయుగుండాలు వస్తూనే ఉంటాయి. (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మాత్రం మినహాయింపు. అలాంటి రోజున ఏ రెయిన్‌కోటూ పనికిరాదు, తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చోవడమే.) మీరు అడిగిన సందేహాలకు నాకు తెలిసినది చెబుతాను.

సైలెన్సరు విషయం: ప్యాంటు కాలి చివర వదులుగా వేలాడితేనే కరుగుతుంది. మడమ దగ్గర వెల్క్రో పట్టీ ఉన్నది తీసుకుని, మిగిలిన బట్టను కాలి బయటివైపుకు మడిచి బిగించండి. పట్టీ లేకపోతే సైకిలు తొక్కేవారు వాడే క్లిప్పు గానీ, ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండు గానీ చాలు. కొన్ని సూట్‌లకు కాలి లోపలివైపు వేడికి తట్టుకునే దళసరి బట్ట వేస్తారు, ఉంటే మంచిదే. ఇప్పటికే రంధ్రం పడినదాన్ని పారేయనక్కరలేదు. చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, టెంట్లకు అతికించే జిగురు నైలాన్ ముక్కను అంచులు గుండ్రంగా కత్తిరించి లోపలా బయటా అతికించండి. మూలలు ఉంటే అక్కడి నుంచే లేచిపోతుంది.

బూట్ల విషయం: తోలు బూట్లను కవరులో చుట్టి బ్యాగులో పెట్టుకుని, బండి మీద పిక్కల దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు వేసుకోవడం నా పద్ధతి. చూడటానికి పొలానికి వెళుతున్నట్టు ఉంటుంది, మా గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ ఏదో ఒకటి అంటాడు, పట్టించుకోను. గేరు లీవరు దగ్గర పట్టు ఎలా ఉందో ముందే ఖాళీ రోడ్డు మీద చూసుకోండి. రెయిన్ ప్యాంటును గమ్‌బూటు లోపలికి దూర్చకూడదు, పైకే వదలాలి. లోపలికి దూర్చి బయలుదేరిన ఒక రాత్రి ఇంటికి వచ్చి బూటు వంచితే చెంబెడు నీళ్ళు వచ్చాయి. పొరపాటున తోలు బూట్లే తడిస్తే పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి లోపల కూరి, గంటకోసారి మార్చండి. ఎండలో గానీ గీజరు దగ్గర గానీ పెడితే తోలు బీటలు వారుతుంది.

సముద్రం దగ్గర ఉండేవారికి వాన కంటే పెద్ద శత్రువు దాచిపెట్టే కాలమే. పాలియురెథేన్ పూత పూసిన సూట్‌ను డిసెంబరులో తడితోనే మడిచి, దాని సంచిలో కుక్కి, అటక మీద పడేస్తే జూన్‌లో తెరిచినప్పుడు లోపలి పూత జిగటగా మారి, పొలుసులు పొలుసులుగా చేతికి రాలుతుంది. తేమ, వేడి కలిసి ఆ పూతను విరగ్గొడతాయి. అలా పాడైనదాన్ని బాగుచేయడం ఎవరివల్లా కాదు. నేను రెండు సూట్‌లు అలా పోగొట్టుకున్నాక, ఇప్పుడు మంచినీటితో కడిగి, నీడలో రెండు వైపులా ఆరబెట్టి, మడవకుండా హ్యాంగరుకు తగిలించి ఉంచుతున్నాను.

చివరగా హెల్మెట్. ఒళ్ళంతా పొడిగా ఉన్నా అద్దం మీద ఆవిరి కమ్మితే బండి నడపలేం. అద్దానికి లోపల బిగించే పిన్‌లాక్ అనే రెండో అద్దం సరిపడే హెల్మెట్ అయితే దాని ధర ఎంతైనా పెట్టండి. లేకపోతే గిన్నెల సబ్బు ఒక్క బొట్టు అద్దం లోపలివైపు రాసి, పొడి గుడ్డతో కనిపించకుండా తుడిస్తే ఒక షిఫ్టు దాకా పనిచేస్తుంది. గీతలు పడిన అద్దాన్ని వానాకాలం ముందే మార్చండి. రాత్రి ఎదురుగా వచ్చే లారీ వెలుగు ఒక్కో గీత మీదా, ఒక్కో బొట్టు మీదా చీలి, రోడ్డు మధ్య గీత కూడా కనబడకుండా పోతుంది.

ఉప్పల్‌వాసి

మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. మెష్ జాకెట్టు, రెండు సైజులు పెద్దదైన రెయిన్ సూట్ కొన్నాను. రెండూ కలిపి 14,000 రూపాయలు దాటలేదు. మొదటి దుకాణంలో చూపించిన సూట్‌కు తొడల మధ్య టేపు గోటితో గీరగానే పైకి లేచింది. "అంతా అలాగే ఉంటాయి సార్" అన్నారు. నేను బయటికి వచ్చేశాను.

కొన్నదాన్ని వాన కోసం ఎదురుచూడకుండా ఇంట్లోనే పరీక్షించాను. లోపల లేత రంగు పాత చొక్కా, ప్యాంటు వేసుకుని, సూట్ తొడుక్కుని, బాత్‌రూములో స్టూలు మీద హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి కూర్చున్నాను. మా ఆవిడ పావుగంట సేపు చెంబుతో, ఆ తర్వాత షవరుతో నీళ్ళు పోసింది. నవ్వు ఆపుకోలేక మధ్యలో రెండుసార్లు ఆగింది. భుజాలు, వీపు, తొడలు పొడిగానే ఉన్నాయి. తడి కనిపించినది రెండే చోట్ల. ఒకటి మెడ, కాలరు వెల్క్రోను పూర్తిగా మూయకపోవడం నా తప్పు. రెండోది ఒడి. కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర జాకెట్టు ముడుచుకుని చిన్న దొన్నెలా తయారై, నీరు అక్కడ నిలిచి, ముందు జిప్పు అడుగు చివర నుంచి అరచేయంత మేర లోపలికి దిగింది.

జాకెట్టు కింది అంచును ప్యాంటు మీదికి ఇంకా లాగి, లోపలి నాడా బిగించి మళ్ళీ నీళ్ళు పోయించుకుంటే మచ్చ రూపాయి బిళ్ళంతకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నిన్న సాయంత్రం తార్నాక నుంచి ఇంటి దాకా కుండపోతలో వచ్చాను, అదే చోట అదే మచ్చ. కుట్టుమిషను గారూ, జిప్పు వెనక ఉన్న బట్ట పట్టీ కింది చివర కుట్టకుండా వదిలేసి ఉంది. అక్కడ సూది వాడకుండా వేడి టేపుతో మూయడం ఇంట్లో ఇస్త్రీపెట్టెతో సాధ్యమేనా, లేక దానికి వేరే యంత్రం కావాలా?

కుట్టుమిషను

సాధ్యమే. కుట్టు టేపు మీటర్ల లెక్కన విడిగా దొరుకుతుంది. అంగుళం పొడవున అతికిస్తే చాలు. ముందు ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ఇస్త్రీపెట్టెను నైలాన్ గుర్తు దగ్గర ఉంచి, పైన బేకింగ్ కాగితం గానీ పల్చటి నూలు గుడ్డ గానీ వేసి, జరపకుండా పది సెకన్లు నొక్కి, వేడి చల్లారేదాకా చేతితో అలాగే అదిమి పట్టండి. ముందుగా సూట్‌తో ఇచ్చిన సంచి మీద చిన్న ముక్క అతికించి చూసుకోండి. అక్కడ బట్ట ముడుచుకుంటే వేడి ఎక్కువైనట్టు. జిప్పు పళ్ళ మీదికి మాత్రం టేపు ఎక్కనివ్వకండి.